లాక్ అంటే తాళమైతే, మన కాలువల మీద లాకులేమిటి?

‘లాక్ అంటే తాళం కదా, గోదావరి కాలువల మీద ఉన్నవాటిని లాకులని ఎందుకంటారు? వాటికి తాళం వేస్తారా?’ అని అడిగారు. ఈ మాట మీదే నాకు ఏడో తరగతిలో అరచేతులు వాచాయి కాబట్టి జవాబు చెప్పే హక్కు నాకుంది.

మాది ఆత్రేయపురం దగ్గర పల్లె. లొల్ల లాకులకి నడిచే వెళ్లేవాళ్లం. అప్పట్లో కొబ్బరికాయలు, ధాన్యం బస్తాలు పడవల మీదే పోయేవి. ఒకసారి తాతయ్యతో కాయల పడవెక్కాను. పల్లం నుంచి పైకి వస్తున్నాం. లాకులోకి దూరగానే వెనక తలుపులు మూసేశారు. ఇరుపక్కలా నాచు పట్టిన గోడలు, ఎదుటి తలుపుల సందుల్లోంచి చిమ్ముతున్న నీళ్లు. నూతిలో ఉన్నట్టుంది. పైన ఎవరో మర తిప్పారు. అడుగు నుంచి నీళ్లు పొంగి పడవ మెల్లిగా లేచింది. గట్టు మీద ముందు లాకు కాపలా మనిషి లస్కరు తలపాగా కనబడింది, తర్వాత బీడీ, తర్వాత పంచె, ఆఖరికి కాళ్లు.

‘తాతయ్యా, దీన్ని లాకు అని ఎందుకంటారు?’

‘పడవని పైకి లాగుద్ది గదరా, అందుకే.’

నమ్మేశాను. పరీక్షలో లాక్ అంటే ‘పడవ పైకెక్కే గది’ అని రాశాను. కాలువ ఎరగని ఊరి నుంచి వచ్చిన మాస్టారు దాన్ని కొట్టేసి, పక్కన ‘తాళం’ అని రాసి, బెత్తం తీశారు. ఆయన గైడులో ఒక మాటకి ఒకటే అర్థం. ఇప్పుడు పిల్లల ఫోన్లలోనూ అదే తంతు.

నిజానికి పాత ఇంగ్లిష్‌లో ఆ మాటకి గడియ, అడ్డు, మూసి ఉంచిన చోటు అన్నీ అర్థాలే. తాళం, లాకప్పు, కుస్తీలో పట్టు, 2020లో మనందరం పడ్డ లాక్‌డౌను, అన్నీ ఆ గూటి పక్షులే. రెండు జతల తలుపుల మధ్య నీళ్లని బంధించే గది కాబట్టి మనదీ లాకే. జుట్టు పాయని కూడా లాక్ అంటారు గానీ అది వేరే మాట. తాగే పాలు, వాటా పాలు మనకి లేవూ, అలాగే.

తలుపులకి తాళం ఉండదు. రెండు రెక్కలూ ఎగువ వైపు మొన తేలేలా కలుస్తాయి. ఎగువ నీటి బరువే వాటిని బిగించి పడుతుంది. రెండు వైపులా మట్టం సమానమయ్యేదాకా ఎవడి తరమూ కాదు తెరవడం.

ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట ముగించాడు. ఆ కాలువలతోనే లాకు మనకొచ్చింది. బదులుగా ఇంగ్లిష్‌వాళ్లు తమిళం నుంచి ‘అనికట్’ పట్టుకుపోయారు. లస్కరు సంగతి ఇంకా తమాషా. పారశీకంలో లష్కర్ అంటే సైన్యం. ఇంగ్లిష్‌వాళ్ల ఓడల్లో నావికుడయ్యాడు. మా గట్టు మీద బీడీ కాలుస్తూ నీళ్లకి కాపలా కాశాడు.

ఇప్పుడు లారీలొచ్చి పడవలు పోయాయి. పూతరేకులు కొనుక్కుని లాకుల దగ్గర సెల్ఫీలు దిగే కుర్రాళ్లు అదేదో ఊరి పేరనుకుంటున్నారు.

కాలేజీలో ఉండగా డిక్షనరీ చూసి ఇదంతా తాతయ్యకి చెప్పాను. ఓపిగ్గా విని, ‘అయితే పడవని లాగదంటావా?’ అన్నాడు.