కోడె తొడలో గాలి, చిన్నాయన కిడ్నీలో గ్యాస్: రెండూ ఒకటే రోగమా?

ప్రశ్న: సార్, మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకా, గోదావరి ఒడ్డు ఊరు. రెండేళ్ల కోడె, మంచి బలంగా ఉండేది. పొద్దున వెనక కాలు కుంటింది, సాయంత్రానికి తొడ వాచింది, నొక్కితే లోపల చిటచిటమని గాలి కదిలినట్టు చప్పుడు. తెల్లారేసరికి చచ్చిపోయింది. పశువుల దవాఖానాలో చెప్తే ‘ఫర్యా’ అన్నారు. ఇదే నెలలో మా చిన్నాయనకు చలిజ్వరం, నడుము నొప్పి వస్తే ఆసుపత్రిలో స్కానింగ్ తీసి కిడ్నీలో గ్యాస్ ఉందన్నారు. ఆయనకు షుగర్ ఉంది, కోడెకు మేత వేసేదీ ఆయనే. పశువు రోగం మనిషికి అంటిందా? ఇంకా ఒక ఎద్దు, రెండు పెయ్యలు, నాలుగు నెలల దూడ ఉన్నాయి. ఏం చేయాలి?

జవాబు: ముందు మీ టెన్షన్ తగ్గే మాట చెప్తాను. కోడె రోగం చిన్నాయనకు అంటిందనుకోవడానికి కారణమేమీ కనిపించడం లేదు. రెండు చోట్లా గాలి పుట్టిన మాట నిజమే, కానీ పుట్టించిన క్రిమి వేరు, అది వచ్చిన దారి వేరు.

మీ దగ్గర మరాఠీలో ఫర్యా అనేదాన్నే తెలుగులో జబ్బవాపు అంటాం. ఇది క్లాస్ట్రీడియం చోవియై అనే బ్యాక్టీరియా పని. గాలి తగలని చోట మాత్రమే పెరుగుతుంది, పరిస్థితి బాగాలేకపోతే గట్టి గింజలాంటి బీజంగా మారి మట్టిలో ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటుంది. వరద వచ్చినా, మట్టి తవ్వినా ఆ బీజాలు పైకి తేలతాయి, గడ్డితో పాటు పశువు కడుపులోకి పోతాయి. 2022 జూలైలో గోదావరి పొంగి మీ వైపు చేలన్నీ మునిగినప్పుడు ఎంత ఒండ్రు కొట్టుకొచ్చిందో మీరు చూసే ఉంటారు, నది ఒడ్డు ఊళ్లలో ఈ భయం ఎప్పుడూ ఉండేది అందుకే. కడుపులోంచి రక్తంలో కలిసి కండల్లోకి చేరిన బీజం అక్కడ ఊరికే నిద్రపోతుంది. పశువు కుమ్ముకున్నప్పుడో, జారిపడ్డప్పుడో, కర్ర దెబ్బ తగిలినప్పుడో కండ నలిగి అక్కడ గాలి ఆడకపోతే నిద్ర లేస్తుంది. ఆ తర్వాత చాలాసార్లు 12 నుంచి 48 గంటలే.

అది గాలి ఎందుకు పుట్టిస్తుందంటే, తాటికల్లు ముంతలో నురగ ఎందుకు పొంగుతుందో అందుకే. కల్లులో తీపిని ఈస్ట్ తింటే వాయువు వస్తుంది, ఇక్కడ కండలో దాచుకున్న చక్కెరను ఈ బ్యాక్టీరియా తింటుంది. మీ కోడె బలంగా ఉండేదని రాశారు కదా, జబ్బవాపు పట్టేది ఎక్కువగా అలాంటివాటినే. ఆరు నెలల నుంచి రెండు మూడేళ్ల లోపు, కండపట్టి నిగనిగలాడే పశువులను. ముసలి ఆవు బక్కచిక్కి బతికిపోతుంది, కొత్తగా అరక కట్టాల్సిన కోడె పోతుంది, రైతుకు మనసు విరిగేది ఇక్కడే. వాపు మొదట వేడిగా ఉంటుంది, ముట్టుకుంటే పశువు విదిలిస్తుంది. కొన్ని గంటలకు అదే చోట చల్లబడి, సూది గుచ్చినా తెలియనట్టు అవుతుంది. నొప్పి తగ్గిందని రైతు సంబరపడేది అప్పుడే, నిజానికి ఆ కండ చచ్చిపోయింది. జ్వరం 106 డిగ్రీలు దాటవచ్చు.

వాపు ఏదైనా జబ్బవాపే అనుకోవద్దు. గొంతువాపు (మీ దగ్గర ఘటసర్ప అంటారు) గొంతు కింద వస్తుంది, గుర్రుగుర్రుమని ఊపిరి ఆడదు, నొక్కితే చిటచిట ఉండదు. పాముకాటు వాపులోనూ మామూలుగా చిటచిట ఉండదు. ఛాతీకో గొంతుకో దెబ్బ తగిలి ఊపిరితిత్తుల గాలి చర్మం కిందికి పాకితే మాత్రం మెడ మీద, వీపు మీద అచ్చం ఇలాగే చిటచిటమంటుంది, అయితే జ్వరం ఉండదు, కుంటదు, అది అంటురోగం కాదు. దొమ్మ రోగంలో పశువు ఉన్నట్టుండి చచ్చి, ముక్కు నుంచో పేడ దారి నుంచో నల్లని గడ్డకట్టని రక్తం కారుతుంది. దానికి మాత్రం నిజంగా భయపడాలి, మనుషులకు అంటుతుంది. మీ కోడెకు అలాంటి రక్తం ఏమైనా కారిందేమో గుర్తు చేసుకోండి. కారి ఉంటే, లేదా కోడెను ముట్టుకున్నవాళ్లలో ఎవరి చేతి మీదైనా నొప్పి లేకుండా మధ్యలో నల్లబడిన పుండు కనిపిస్తే, వెంటనే డాక్టరుకు పశువు చచ్చిన సంగతి కూడా చెప్పి చూపించాలి.

ఇక చిన్నాయన సంగతి. నేను పశువుల డాక్టర్ని, ఆయనకు వైద్యం చెప్పను, కానీ ఈ గాలి లెక్క మాకూ చదువులో భాగమే కాబట్టి కొంత చెప్పగలను. కిడ్నీలో గాలి పుట్టే ఇన్ఫెక్షన్ గురించి 1898లో కెల్లీ, మెకల్లమ్ అనే ఇద్దరు అమెరికా డాక్టర్లు మొదటిసారి రాశారు. ఈ రోగం వచ్చినవాళ్లలో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా షుగర్ ఉన్నవాళ్లే. క్రిమి ఎక్కువగా ఈ-కొలై, అది మట్టిలోంచి వచ్చే బీజం కాదు, మన పేగుల్లో ఉండేదే, మూత్రం దారిలో పైకి ఎక్కుతుంది. రక్తంలో, మూత్రంలో, కణజాలంలో చక్కెర పొంగిపొర్లుతుంటే, ఆ భాగానికి రక్తం సరిగ్గా అందకపోతే, మళ్లీ అదే కల్లు ముంత కథ. షుగర్ ఉన్నవాళ్లలో పిత్తాశయంలో, మూత్రాశయంలో కూడా ఇలా గాలి పుట్టే ఇన్ఫెక్షన్లు ఉన్నాయి. మామూలు కిడ్నీ ఇన్ఫెక్షన్‌లా మొదలవుతుంది కాబట్టి సీటీ స్కాన్ తీస్తే గానీ గాలి సంగతి ఖాయంగా తేలదు. 2000లో తైవాన్‌కు చెందిన హువాంగ్, సెంగ్ 48 మంది రోగుల స్కాన్లు చూసి, గాలి ఎంతవరకు పాకిందన్నదాన్ని బట్టి తరగతులు చేశారు. ఒకప్పుడు చాలామందికి కిడ్నీయే తీసేసేవాళ్లు, ఇప్పుడు యాంటీబయాటిక్స్, షుగర్ అదుపు, అవసరమైతే చర్మం మీద నుంచి గొట్టం పెట్టి చీము తీయడం, ఇలా చాలామందికి కిడ్నీ దక్కుతోంది. కాబట్టి ఇంటికి తీసుకెళ్లి ఆకు పసరు పోద్దాం అనే చుట్టాల మాట వినొద్దు. షుగర్ మాత్రలు మధ్యలో ఆపొద్దు.

రిపోర్టులో ‘ఎంఫైసీమా’ లాంటి మాట చూసి ఫోన్‌లో వెతికితే బీడీ తాగేవాళ్ల ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది, కంగారు పడకండి. ఉబ్బడం అనే అర్థం ఉన్న గ్రీకు మాట అది. ఊపిరితిత్తుల్లో గాలి తిత్తుల గోడలు తెగిపోయినా అదే మాట, కండలో గాలి నిండినా అదే మాట. పేరు ఒకటైనంత మాత్రాన రోగం ఒకటి కాదు.

మనిషికి మట్టి నుంచి వచ్చే గాలి రోగం కూడా ఒకటి ఉంది, గ్యాస్ గ్యాంగ్రీన్, జబ్బవాపు క్రిమికి చుట్టమే చేస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎరువు వేసి దున్నిన చేలల్లో కందకాలు తవ్వి పోరాడిన సైనికుల గాయాల్లో ఇది విపరీతంగా వచ్చింది. అందుకే చెప్తున్నాను, పెంటకుప్ప దగ్గర కాలికి మేకు దిగితే పసుపు పెట్టి కట్టు కట్టేసుకుని ఊరుకోకూడదు, గాయం తెరిచి కడిగించుకోవాలి. షుగర్ ఉన్న మీ చిన్నాయన ఆసుపత్రి నుంచి వచ్చాక చెప్పుల్లేకుండా కొట్టంలోకి దిగనే దిగొద్దు.

మిగిలిన పశువులకు ఇవాళే చేయాల్సింది చెప్తాను. కోడె మేసిన చోటికి వాటిని తోలొద్దు. పొద్దున సాయంత్రం జ్వరం చూడండి, ఏ కాలు కుంటినా గంటల్లో డాక్టరు రావాలి, ఎందుకంటే పెన్సిలిన్ పెద్ద మోతాదులో మొదట్లోనే పడితేనే ఆశ ఉంటుంది, వాపు చల్లబడ్డాక ఇచ్చినా దండగ. వాత పెట్టడం, వాపు కోసి గాలి వదలడం లాంటివి చేయొద్దు, అందులోంచి కారేదంతా రేపటి మట్టిలో బీజాలే. రెండు పెయ్యలకు, ఎద్దుకు టీకా వేయించండి. టీకా పట్టు రావడానికి రెండు వారాల దాకా పడుతుంది కాబట్టి ఈలోపు కాపుగా పెన్సిలిన్ కూడా ఇవ్వమని డాక్టర్ని అడగొచ్చు. ఇది చంపిన క్రిములతో చేసిన టీకా, పెన్సిలిన్ వల్ల దాని పని చెడదు. దూడకు మామూలుగా ఆరు నెలలు నిండాక వేస్తారు, ఊళ్లో రోగం పడింది కాబట్టి ముందే వేయాలా అన్నది చూసిన డాక్టరు చెప్పాలి. ఆ తర్వాత ఏటా వానలకు ముందు, మే నెలలోనే.

కోడెను ఎక్కడ పూడ్చారో మీరు రాయలేదు. తోలు తీయకుండా, కోయకుండా ఆరడుగుల గోతిలో సున్నం చల్లి, వాగుకు బావికి దూరంగా పూడ్చి ఉంటే సరే. పైపైన పూడ్చి ఉంటే కుక్కలు లాగకముందే ఇంకా మట్టి ఎత్తించి చుట్టూ ముళ్లకంప వేయండి. అది చచ్చిన చోట, కట్టేసిన గుంజ చుట్టూ ఎండుగడ్డి పరిచి తగలబెట్టండి, పైమట్టి కాలితే బీజాలు చాలావరకు పోతాయి, కొట్టం కప్పు గడ్డిదైతే మాత్రం నిప్పు జాగ్రత్త. టీకా మీరే వెళ్లి తెచ్చుకునే పనైతే ఐసు డబ్బాలో తెండి, అయితే సీసాను ఐసు గడ్డకు ఆనించి పెట్టొద్దు, ఒకసారి గడ్డకట్టిన టీకా వేసినా వేయనట్టే.