వాతావరణమా, శీతోష్ణస్థితా?

సందేహం: పత్రికల్లో 'వాతావరణ మార్పు' అంటున్నారు. మా అబ్బాయి పాఠంలో 'శీతోష్ణస్థితి' అని ఉంది. ఏది ఒప్పు? మొన్నటి చలికి రెండు దుప్పట్లు కప్పుకున్నాం. భూమి వేడెక్కుతోందంటే ఎలా నమ్మేది? – ఒక పాఠకురాలు, చిత్తూరు

సమాధానం: వాతావరణం మొదట భూమిని చుట్టుకున్న గాలిపొర. మన తిరుపతి దగ్గర గాదంకి రాడార్ గమనించేది దాన్నే. ఏ రోజుకారోజు ఎండావానలకు ఆ పేరు తర్వాత అంటింది. ఇంట్లో వాతావరణం, ఎన్నికల వాతావరణం సరే సరి. ఒక చోటి ఎండావానల వరుస, 30 ఏళ్ల సగటు తీసి చూస్తే తేలేది, శీతోష్ణస్థితి.

ఈ రెండు సంస్కృతాల మధ్య మనం పోగొట్టుకున్న మాట 'కారు'. ఇప్పుడు కారంటే నాలుగు చక్రాలే గుర్తొస్తాయి! అసలు కారంటే నలుపు. దాన్నుంచి నల్లమబ్బు, అది తెచ్చే వాన, ఆ వానాకాలం, చివరికి ఆ కాలపు పంట కూడా. కారుచీకటిలో నలుపు నిలిచింది, వానకారు, ఎండకారుల్లో కాలం నిలిచింది. తొలుకారే మన తొలకరి. నగరి దాటితే అరవంలో ఆవణి, పురట్టాసి నెలలు కార్‌కాలం. పలమనేరు దాటితే కన్నడంలో నైరుతి వానలు ముంగారు, ఈశాన్యం వానలు హింగారు. ఎంత కమ్మటి పేర్లు! మనమేమో 'రుతుపవనాల ఆగమనం' అంటూ నోరు నొప్పి పుట్టించుకుంటున్నాం.

ఇక మీ దుప్పట్ల సంగతి. చెనక్కాయ రైతు ఒక్క వానకు పదును చూసి విత్తనం వేస్తాడు. కాలం మారిందని అనడానికి మాత్రం ఏళ్ల తరబడి అదను తప్పడం చూస్తాడు. శాస్త్రజ్ఞుల పద్ధతీ అదే. గాలిలో కార్బన్ డయాక్సైడ్ (పాత పుస్తకాల్లో బొగ్గుపులుసు వాయువు) ఫ్యాక్టరీల యుగానికి ముందు పది లక్షల పాళ్లలో 280 పాళ్లుండేది, ఇప్పుడు 420 దాటింది. ఈ వాయువు భూమి వేడిని పట్టి ఉంచుతుంది. 1850–1900 నాటి సగటు కంటే 2011–2020లో భూమి సుమారు 1.1 డిగ్రీలు వేడిగా ఉంది. సగటు పెరిగినంత మాత్రాన చలి రాత్రులు మాయమైపోవు, తక్కువవుతాయి. ఒక్కో డిగ్రీ వేడికి గాలి దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. కుండపోతలు ముదరడానికి అదొక కారణం. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన మాట నిజమే కానీ, ఆ ఒక్క వానను సాక్ష్యంగా నిలబెట్టలేం. అలాంటివి తరచవుతున్నాయా అన్నదే లెక్క.

'వాతావరణ మార్పు' జనం నోట నిలదొక్కుకుంది, తప్పనడానికి నాకు నోరు రాదు. అబ్బాయి చేత పరీక్షలో శీతోష్ణస్థితి అనే రాయించండి. 'వాతావరణంలో మార్పులు సంభవించడం జరుగుతోంది' అని మాత్రం రాయనివ్వకండి, 'మారుతోంది' చాలదూ? సాయంత్రం మబ్బేసి నాలుగు చినుకులు పడితే దానికీ 'వాతావరణ మార్పు' అని శీర్షిక పెట్టే విలేకరులున్నారు. అది మాత్రం ఒప్పుకోను.