సెట్టింగులు తెరవనివ్వని యాప్‌ను తొలగించడం ఎలా?

ప్రశ్న: సోంపేట దగ్గర జీడితోట చూసుకునే మా నాన్నగారు, పీఎం కిసాన్ డబ్బుల కోసమంటూ వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్) ఫైల్‌ను ఇన్‌స్టాల్ చేశారు. వెంటనే దాని ఐకాన్ మాయమైంది. తీసేద్దామని సెట్టింగులు తెరిస్తే అవే మూసుకుపోతున్నాయి. ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేసినా అదే తంతు. ఆండ్రాయిడ్‌లో ఇన్ని కట్టడులున్నా ఇది ఎలా తప్పించుకుంటోంది?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ముందుగా ఆ ఫోన్‌లో మొబైల్ డేటా, వైఫై ఆపేయించండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా లావాదేవీలు నిలిపివేయించండి. డబ్బు పోయి ఉంటే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి.

వాడకంలో లేని యాప్‌లను నిద్రపుచ్చే ఏర్పాటు 2015లో ఆండ్రాయిడ్ 6తోనే వచ్చింది. 2017లో ఆండ్రాయిడ్ 8 దాన్ని ఇంకా బిగించింది. ఇలాంటి యాప్‌లు చాలావరకు ఆ కట్టడులను బద్దలుకొట్టవు, మనచేత అనుమతులు ఇప్పించుకుని వాటిని దాటిపోతాయి. ఆ అనుమతుల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైనది యాక్సెసిబిలిటీ. చూపు లేనివారికి తెరమీది అక్షరాలు చదివి వినిపించడానికి, వారి బదులు బటన్లు నొక్కడానికి ఉద్దేశించిన ఈ సదుపాయం దొంగ యాప్ చేతికి చిక్కితే, తెరమీద ‘అన్‌ఇన్‌స్టాల్’ అన్న మాటో తన పేరో కనబడగానే అది తానే ‘బ్యాక్’ నొక్కేస్తుంది. మీ సెట్టింగులు మూసుకుపోవడానికి కారణం చాలావరకు ఇదే. ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతిని, బ్యాటరీ పొదుపు నుంచి మినహాయింపును కూడా అది తనకు తానే ఇచ్చుకోగలదు. ఫోన్ ఆన్ అవగానే వ్యవస్థ పంపే సంకేతాన్ని అందుకుని మళ్లీ లేస్తుంది. ఇంత ప్రమాదమున్నా, ఎందరికో ఆధారమైన యాక్సెసిబిలిటీ సదుపాయాన్ని పూర్తిగా తీసేయమనడం న్యాయం కాదు.

యాప్ స్టోర్‌తో పనిలేకుండా బయటినుంచి వచ్చిన యాప్‌లకు ఈ అనుమతి సులువుగా దక్కకుండా 2022లో ఆండ్రాయిడ్ 13 అడ్డుకట్ట వేసింది. మోసగాళ్లు దానికీ దారి వెతికారు: మొదట వచ్చే యాప్ కేవలం మోసుకొచ్చేది; అది ‘అప్‌డేట్’ పేరుతో అసలు యాప్‌ను, యాప్ స్టోర్లు వాడే పద్ధతిలోనే ఎక్కిస్తుంది కనుక వ్యవస్థ దాన్ని స్టోర్ నుంచి వచ్చినట్లే భావిస్తుంది. ఇంత పకడ్బందీగా పన్నిన వలలో పడ్డందుకు నాన్నగారిని తప్పుపట్టకండి.

తొలగించడానికి ఫోన్‌ను సేఫ్ మోడ్‌లో పెట్టాలి. చాలా ఫోన్లలో పవర్ బటన్ నొక్కితే వచ్చే ‘పవర్ ఆఫ్’ను కాసేపు నొక్కి పట్టుకుంటే ఆ అవకాశం కనిపిస్తుంది. అక్కడ మనం ఎక్కించుకున్న యాప్‌లు పనిచేయవు. ముందు యాక్సెసిబిలిటీ, తర్వాత డివైస్ అడ్మిన్ (ఫోన్‌పై ప్రత్యేక అధికారమున్న యాప్‌లు) జాబితాల్లో దాన్ని ఆపి, ఆ తర్వాతే అన్‌ఇన్‌స్టాల్ చేయండి. డివైస్ అడ్మిన్ హోదా ఉన్నంతసేపు తొలగింపు సాగదు. యాప్‌ల జాబితాలో పేరు లేకుండానో, గూగుల్ సేవను పోలిన పేరుతోనో ఉండవచ్చు. అప్పటికీ దొరకకపోతే ఫొటోలు దాచుకుని, ఫోన్‌లోని సమాచారమంతా చెరిపేసే ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి.

మీకొచ్చే కాల్స్ మోసగాళ్ల నంబరుకు మళ్లేలా కాల్ ఫార్వర్డింగ్ పెట్టి ఉంటే ##002# డయల్ చేస్తే రద్దవుతుంది. యూపీఐ పిన్, బ్యాంకు పాస్‌వర్డులు ఫోన్ శుభ్రపడ్డాకే మార్చండి. ముందే మారిస్తే కొత్తవి కూడా ఆ యాప్ కంట్లో పడతాయి.