మూత్ర పరీక్ష స్ట్రిప్పు పేటెంటును "ఆబ్వియస్" అని కొట్టేశారు, అప్పీలు నిలుస్తుందా?

మీరు అడిగింది ఇదీ: ఉద్దానం ఊళ్లలో ఇంటి దగ్గరే వాడుకునేలా మూత్రంలో ప్రొటీన్ చూపే కాగితం స్ట్రిప్పు చేశారు. ఒక గడి ప్రొటీన్‌కి, పక్కది పీహెచ్‌కి (మూత్రం ఆమ్లమా, క్షారమా చూపే కొలత), రెండింటి మధ్య మైనపు గీత. ప్రొటీన్ స్ట్రిప్పు పాత పత్రం డీ1, కాగితం మీద మైనపు అడ్డుగీత పాత పత్రం డీ2, రెండూ కలిపితే ఎవరికైనా తడుతుంది (ఆబ్వియస్) అని చెన్నై పేటెంటు ఆఫీసు కంట్రోలర్ పేటెంట్ల చట్టం సెక్షన్ 15 కింద తిరస్కరించారు. అప్పీలుకు వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. కానీ "కిడ్నీ జబ్బున్న పల్లెలకు మేలు, చవకగా వస్తుంది" అన్న వాదన ఒక్కటే పట్టుకుని వెళ్లొద్దు. ఇన్వెంటివ్ స్టెప్ (ఆవిష్కరణలో ఉండాల్సిన కొత్త ఆలోచన) అంటే ఏమిటో చెప్పే సెక్షన్ 2(1)(జెఎ)లో ఆర్థిక ప్రాధాన్యం అన్న మాట ఉంది, నిజమే. సాంకేతికంగా ముందడుగు గానీ, ఆర్థిక ప్రాధాన్యం గానీ, రెండూ గానీ ఉండాలన్నది అందులో సగం. ఆ పని తెలిసినవాడికి తేలిగ్గా తట్టకూడదన్నది మిగతా సగం. మొదటి సగం చూపించి రెండోది దాటిపోదామంటే కుదరదు. 1978లో గిన్నెలకు మెరుగుపెట్టే యంత్రం కేసులో (బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్) సుప్రీంకోర్టు చెప్పిందీ ఇదే. వర్క్‌షాపులో పనివాడు మామూలుగా చేసుకునే మెరుగుదల పేటెంటుకు చాలదు.

మీ కేసులో అసలు బలం కెమిస్ట్రీలో ఉంది. ప్రొటీన్ గడిలో ఉండేది టెట్రాబ్రోమోఫినాల్ బ్లూ లాంటి రంగు, దాన్ని పీహెచ్ 3 దగ్గర పట్టి ఉంచే సిట్రేట్ బఫర్ (పీహెచ్ మారకుండా ఆపే ఆమ్ల మిశ్రమం). ఆల్బుమిన్ (మూత్రంలో వెతికే ప్రొటీన్) అంటుకుంటే పసుపు కాస్తా ఆకుపచ్చకు, నీలానికి తిరుగుతుంది. మూత్రం బాగా క్షారంగా ఉంటే బఫర్ ఓడిపోయి, ఆల్బుమిన్ లేకపోయినా గడి ఆకుపచ్చగా మారుతుంది. ఇళ్లలో ఇది తరచూ జరుగుతుంది: పొద్దున్నే పట్టిన మూత్రం ఆశా కార్యకర్త వచ్చేదాకా ఎండలో ఉంటే బాక్టీరియా యూరియాను అమ్మోనియా చేసేస్తుంది, పీహెచ్ 8 దాటుతుంది. వంటసోడా తాగినా అంతే. సరే, బఫర్ ఎక్కువ వేద్దామంటే ఆ ఆమ్లం పక్కనున్న పీహెచ్ గడిలోకి కారి, క్షార మూత్రాన్ని కూడా ఆమ్లంగా చూపిస్తుంది. ల్యాబుల్లో ఈ కారుడు సంగతి ఎప్పటినుంచో తెలిసిందే. కాబట్టి సమస్యను కనిపెట్టింది మేమే అని రాయకండి, మొదటి వాయిదాలోనే ఆ మాట పడిపోతుంది.

నిలిచే వాదన ఇలా ఉండాలి. డీ1 చదివినవాడు తప్పుడు పాజిటివ్ తగ్గించడానికి బఫర్ పెంచుతాడు. పెంచితే పక్క గడి పాడవుతుంది గనుక రెండు గడులనూ దూరంగా పెడతాడు, లేదా వేరే స్ట్రిప్పు చేస్తాడు. డీ2లో మైనపు గీత ద్రవాన్ని ఒక దారిలో నడపడానికి ఉంది గానీ, గాఢమైన ఆమ్ల బఫర్‌ను ఆపడానికి కాదు. డీ1 తీసుకున్నవాడు డీ2 దగ్గరకే ఎందుకు వెళ్తాడో కంట్రోలర్ చెప్పారా? ఇది ఉత్తర్వులో వెతకండి. డీ1లోనే "గడులు దగ్గరగా పెట్టొద్దు" అని ఎక్కడైనా రాసి ఉంటే అది మీకు బంగారం. ఆ పేరా నంబరుతో సహా అప్పీలు మెమోలో ముందు పెట్టండి.

గీత గురించి మాత్రం నిజం మాట్లాడుకోవాలి. కాగితం మీద మైనంతో అడ్డుకట్ట వేయడం 2009 నాటికే పరిశోధన పత్రాల్లో వచ్చింది. ఉత్త గీత మీదే క్లెయిము (దరఖాస్తులో హక్కు కోరే అంశం) ఉంటే కంట్రోలర్‌దే పైచేయి. గీత వెడల్పు, బఫర్ మోతాదు, గడుల వరస మూడూ కలిసి మాత్రమే పనిచేస్తాయని చూపాలి. అప్పుడు సెక్షన్ 3(ఎఫ్) అభ్యంతరానికీ జవాబు దొరుకుతుంది. తెలిసిన పరికరాలను పక్కపక్కన పేర్చి, ఒక్కొక్కటి తన పని తాను చేసుకుంటుంటే ఆ సెక్షన్ తగులుతుంది. మీ గడులు ఒకదాన్ని ఒకటి సరిదిద్దుతాయి కదా, పీహెచ్ గడి 8 దాటితే ప్రొటీన్ ఫలితాన్ని నమ్మొద్దని. ఆ సంబంధం క్లెయిములోనే కనబడాలి. ఇక ప్లాస్టిక్ డబ్బా, చూసే కిటికీ, సిలికా జెల్ పొట్లం వీటి మీద వాదన పెంచి సమయం పాడుచేసుకోకండి. 1988లో క్లియర్‌బ్లూ ఒకే అడుగు గర్భ పరీక్ష వచ్చిన తరవాత అలాంటివి ఎవరికీ కొత్త కాదు.

దీన్ని రుజువు చేసే అంకెలు స్పెసిఫికేషన్లో (దరఖాస్తుతో ఇచ్చిన ఆవిష్కరణ వివరణలో) ఉన్నాయా? ఇదే అసలు ప్రశ్న. ఉండాల్సిన పట్టిక ఇలా: ఆల్బుమిన్ డెసీలీటరుకు 0, 15, 30, 100 మిల్లీగ్రాములు, ఒక్కోదాన్నీ పీహెచ్ 5, 7, 8, 9 దగ్గర, ప్రతి కలయికకూ డీ1 ప్రకారం చేసిన స్ట్రిప్పు, మీ స్ట్రిప్పు, గీత లేని మీ స్ట్రిప్పు. సరిగ్గా 60 సెకన్లకు చదవాలి, ఆలస్యమైతే రంగు ముదురుతుంది. చదివేవాళ్లకు ఏ ద్రావణమో తెలియకూడదు. గీత లేని స్ట్రిప్పు చాలామంది వదిలేస్తారు, అది లేకపోతే ఫలితం గీత వల్ల వచ్చిందని చెప్పలేరు. మైనం అచ్చేశాక వేడి పలక మీద కరిగించి కాగితం అడుగు దాకా దింపారని కూడా రాసి ఉండాలి. దిగకపోతే కింది నుంచి బఫర్ కారి, మీ పట్టిక మీకే అడ్డు తిరుగుతుంది.

స్పెసిఫికేషన్లో ఈ ఫలితం గురించి ఒక్క వాక్యమైనా లేకపోతే, ఇప్పుడు ప్రయోగం చేసి హైకోర్టులో కొత్తగా పెట్టడం కష్టం. క్లెయిము కుదించడం మాత్రం సెక్షన్ 59 ఒప్పుకుంటుంది, మొదట రాసినదాని పరిధి దాటకుండా ఉంటే.

ఇంకో దారి కూడా ఉత్తర్వులోనే ఉండొచ్చు. పాత జ్ఞానం ఏది, మీ ఆవిష్కరణ ఏది, ఒకదాన్నుంచి మరొకటి ఎలా తడుతుంది, ఈ మూడూ విప్పి చెప్పకుండా ఇన్వెంటివ్ స్టెప్ లేదనడం చెల్లదని 2022లో ఢిల్లీ హైకోర్టు అగ్రిబోర్డ్ కేసులో చెప్పింది. "డీ1, డీ2 చూడగా స్పష్టం" అని రెండు లైన్లలో ముగించిన ఉత్తర్వు అయితే మీ అవకాశం బాగుంది. అలాంటప్పుడు కోర్టు నేరుగా పేటెంటు ఇచ్చేయడం తక్కువ. ఎక్కువగా ఉత్తర్వు రద్దుచేసి, వేరే అధికారి దగ్గర మళ్లీ విచారించమని పంపుతుంది. దానికి సిద్ధపడే వెళ్లండి.

రోగ నిర్ధారణ, చికిత్స పద్ధతులకు పేటెంటు లేదనే సెక్షన్ 3(ఐ) కూడా పెట్టి ఉంటే, పద్ధతి క్లెయిములు వదిలేసి స్ట్రిప్పు, కిట్ క్లెయిములు ఉంచుకోండి. ఆ సెక్షన్ పద్ధతుల మీదే గానీ వస్తువు మీద కాదు.

గడువు: సెక్షన్ 117ఎ కింద కంట్రోలర్ ఉత్తర్వు తేదీ నుంచి 3 నెలలు. అప్పీలు అమరావతిలో కాదు, మద్రాసు హైకోర్టులోనే, ఎందుకంటే ఆంధ్రప్రదేశ్ దరఖాస్తులకు చెన్నై ఆఫీసే సంబంధిత ఆఫీసు. 2021లో ఐపీఏబీని (అంతకుముందు ఈ అప్పీళ్లు విన్న బోర్డు) తీసేసిన దగ్గర్నుంచి ఇవి హైకోర్టులకే వెళ్తున్నాయి. రికార్డు మీద కనబడే పొరపాటుంటే, ఉదాహరణకు మీరు ఇచ్చిన రాతపూర్వక వాదన చూడనే లేదంటే, కంట్రోలర్ దగ్గరే ఫారం 24తో రివ్యూ వేయొచ్చు, దానికి గడువు ఒక నెల. రివ్యూ వేశాం కదా అని అప్పీలు గడువు ఆగుతుందనుకోవద్దు.

ఒకటి వెంటనే సరిచూడండి: దరఖాస్తు తేదీకి ముందు ఎచ్చెర్ల యూనివర్సిటీలోనో, విజయనగరం జేఎన్‌టీయూ గురజాడలోనో టెక్ ఫెస్ట్‌లో స్ట్రిప్పు చూపించారా, పేపర్లో ఫొటో వచ్చిందా? వచ్చి ఉంటే అదే మీకు ప్రయర్ ఆర్ట్, అంటే మీ ఆవిష్కరణ కొత్తది కాదనిపించే పాత జ్ఞానం. సెక్షన్ 31లోని 12 నెలల మినహాయింపు కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనలకూ, విద్వత్ సభల్లో చదివిన పత్రాలకూ గానీ, మామూలు కాలేజీ ప్రదర్శనకు వర్తించదు. అలాంటిది ఉంటే అప్పీలు ఫీజు కట్టకముందే మీ వకీలుకు చెప్పండి.