థేమ్స్ ఒడ్డు సీసపు బిళ్ల: నాణెం కాదు, బట్టల ముద్ర

లండన్‌లో థేమ్స్ నది ఒడ్డున దొరికిన సీసపు బిళ్ల ఏ నాణెమని అడిగారు. అది నాణెం కాదు, అందుకే ఏ నాణేల జాబితాలోనూ మీకు కనబడలేదు. పక్కన తెగిన పట్టీ, వెనక చిన్న బుడిపె ఉన్నాయన్నారు. ఆ రెండు గుర్తులను బట్టి అది బట్టల తానుకు వేసే సీసపు ముద్రలో ఒక సగం. రెండు బిళ్లలను కలిపే పట్టీని బట్ట అంచు మీదుగా మడిచి, బుడిపెను రెండో బిళ్ల రంధ్రంలో దూర్చి, అచ్చుతో కొట్టేవారు. ఇంగ్లండులో ఉన్ని బట్టకు నాణ్యత, సుంకం తనిఖీ జరిగిందనడానికి ఇలాంటి ముద్రలే గుర్తు. ఆ ప్రభుత్వ తనిఖీ 1724లో రద్దయింది.

1. శుభ్రం చేయడానికి మెత్తని బ్రష్షు, నీళ్లు చాలు. వెనిగర్ సీసాన్ని తినేస్తుంది. మడత ఉంటే విప్పకండి, విరుగుతుంది. తర్వాత చేతులు కడుక్కోండి.

2. చాలామంది వదిలేసేది ఇదే. వెలుగు పైనుంచి పడితే అక్షరాలు కనబడవు. గది చీకటి చేసి, ఫోను టార్చిని బల్లకు ఆనించి పక్కనుంచి వేయండి. బిళ్లను కొద్దికొద్దిగా తిప్పుతూ ఏడెనిమిది ఫొటోలు తీయండి. లోపలి వైపు కూడా తప్పకుండా తీయండి: అక్కడ పడుగు పేకల అచ్చు దిగి ఉండవచ్చు. బట్ట ఎప్పుడో కుళ్లిపోయినా దాని నేత అలా మిగులుతుంది. నాకు బిళ్ల మీద కొట్టిన ముద్ర కన్నా అదే విలువైనది.

3. పైన్ కాయ బొమ్మ ఉంటే జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నగరపు ఫస్టియన్ (నార, నూలు కలిపి నేసిన) బట్టది కావచ్చు. గదులుగా విభజించిన గుండె ఆకారం ఉంటే ఈస్టిండియా కంపెనీ ముద్రలతో పోల్చండి.

4. 300 ఏళ్లు దాటినట్లు అనిపిస్తే, థేమ్స్ ఒడ్డున వెతకడానికి పోర్ట్ ఆఫ్ లండన్ అథారిటీ ఇచ్చే అనుమతి షరతు ప్రకారం లండన్ మ్యూజియంలోని ఫైండ్స్ అధికారికి (దొరికిన పాత వస్తువులను నమోదు చేసే అధికారికి) చూపించాలి. దొరికిన చోటు ఇప్పుడే రాసిపెట్టుకోండి.