ఆ లాటిన్ ముక్కల గురించి

తమ్ముడూ,

నీ కథ చదివాను. చదివించింది, కానీ మొదటి పేజీలో కార్పే డియెమ్ (ఈ రోజును అందిపుచ్చుకో), రెండో పేజీలో మెమెంటో మోరి (చావు తప్పదని గుర్తుంచుకో), ఆపైన కావలి రైతు నోట ఫెస్టినా లెంటే (నిదానంగా త్వరపడు)... ఏందబ్బయా ఇది! లాటిన్ మాటలంటే నాకూ సరదానే, మానుకోమని చెప్పను. నెట్‌లో కొటేషన్ల జాబితాలు వెతికే బదులు మన ఊళ్లోనే చెవులు రిక్కించమంటున్నా.

కోర్టు దగ్గర టీ బంకులో కాసేపు కూర్చో. "స్టేటస్ కో తెచ్చుకున్నాం, ఇంక వాడు గట్టు మీద కాలు పెట్టలేడు" అని ఎవరో ఒక పెద్దాయన అననే అంటాడు. అది 'ఉన్నది ఉన్నట్టే ఉంచాలి' అనే లాటిన్ మాటని ఆయనకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు, కానీ ఆ మాట బలం మనకంటే ఆయనకే బాగా తెలుసు. వేటకెళ్లిన మనిషి సముద్రం నుంచి తిరిగి రాకపోతే ఇంట్లోవాళ్లు ఎక్స్‌గ్రేషియా కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతారే, అది హక్కుగా వచ్చేది కాదు, దయతలచి ఇచ్చేదని ఆ మాటలోనే ఉంది. అందులో ఒక కథ ఉంది, రాయి.

డాక్టరు చీటీ మీద బి.డి. అని గీకుతాడు చూడు, అది బిస్ ఇన్ డియే, రోజుకు రెండుసార్లు. మెడికల్ షాపు కుర్రాడు దాన్ని కవర్ మీద 1-0-1 చేసిస్తాడు, మా ఆవిడ "పొద్దున, రాత్రి" అని చదువుకుంటుంది. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన రోమన్ల ఊరు పాంపేయిలో ఒక ఇంటి గుమ్మం దగ్గర కుక్క బొమ్మ వేసి కావె కానెమ్ అని రాశారు. మన గేట్ల మీద "కుక్క ఉన్నది జాగ్రత్త" బోర్డే!

అసలు లాటిన్ మన నేలకు కొత్తా ఏమన్నానా? 18వ శతాబ్దం చివర్లో నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలికి ఇటుకలు తగిలితే తవ్వాడు, కుండలో రోమన్ నాణేలు దొరికాయి, ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తులవి. కొన్నింటికి చిల్లులు కూడా ఉన్నాయి, ఎవరో నగల్లా వేసుకున్నారన్నమాట. వాటి మీద లాటిన్‌లో రాసింది చదివారంటావా?

సరే, నీ రైతు సంగతి. ఆయన నిదానమే ప్రధానం అంటాడు, అంతే. ఫెస్టినా లెంటే నీ ప్లీడరుకివ్వు, కాస్త బడాయి మనిషి కదా, ఆయన నోట బాగా నప్పుతుంది. ఆ రెండు పేజీలూ మార్చి పంపు, మళ్లీ చూస్తా.

మీ అన్న