అస్టేర్, రోజర్స్ చిత్రాలలో పాట వచ్చినా కథ ఎందుకు ఆగదు?

1930లలో హాలీవుడ్‌లోని ఆర్కేవో సంస్థ నిర్మించిన, నాట్యతారల జంట ఫ్రెడ్ అస్టేర్, జింజర్ రోజర్స్ నటించిన నలుపు తెలుపు చిత్రాలలో ప్రణయం మాటలలో కంటే నాట్యంలోనే ఎక్కువగా ముందుకు సాగడం ఇందుకు ప్రధాన కారణం. 1935లో మార్క్ శాండ్రిచ్ దర్శకత్వంలో వచ్చిన 'టాప్ హ్యాట్' దీనికి చక్కని ఉదాహరణ. లండన్ హోటల్ గదిలో నాయకుడు (అస్టేర్) రాత్రివేళ ట్యాప్ డ్యాన్స్ (బూట్లతో నేలపై తాళం వేసే నాట్యం) చేస్తుంటే, ఆ చప్పుడుకు కింది గదిలో నిద్ర చెడిన నాయిక (రోజర్స్) పైకి వచ్చి తగువు పెట్టుకుంటుంది. ఆమె వెళ్లిన తరువాత అతడు నేల మీద ఇసుక చల్లి, జోకొడుతున్నట్టు మెత్తగా అడుగులు వేసి ఆమెను నిద్రపుచ్చుతాడు. ఆపైన పార్కు మండపంలో వానకు చిక్కుకున్నప్పుడు, మొదట వెక్కిరింపుగా అతని అడుగులను అనుకరించిన ఆమె క్రమంగా అతనికి సమ ఉజ్జీగా నిలుస్తుంది.

నర్తకులు తల నుంచి పాదాల వరకు తెరపై కనిపించాలని, మధ్యలో కత్తిరింపులు వీలైనంత తక్కువగా ఉండాలని అస్టేర్ పట్టుబట్టడం వల్లనే ఈ మార్పు మన కళ్లెదుటే జరిగినట్టు ఉంటుంది. నాయకుణ్ణి తన స్నేహితురాలి భర్తగా నాయిక పొరబడటమన్న కథాసూత్రం మాత్రం ఒక్క ప్రశ్నతో తేలిపోయేదే. నా దృష్టిలో అది లోపమే అయినా, గీతకర్త, స్వరకర్త ఇర్వింగ్ బెర్లిన్ పాటలు సాగుతుండగా దానిని పట్టించుకునేవారు తక్కువ.